కోట్ల ఏళ్ళ కిందటి సముద్ర సరీసృపాల ఎముకల్లో జబ్బు ఉందని ఎలా చెప్పగలరు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మ్యూజియంలో ఒక మోసాసార్ (డైనోసార్ల కాలంలో సముద్రంలో బతికిన పెద్ద సరీసృపం) వెన్నుపూస చూశారు. పక్కన బోర్డు మీద "లోతుకు మునగడం వల్ల వచ్చిన ఎముక జబ్బు" అని రాసి ఉంది. మాంసం లేదు, రక్తం లేదు, ఎముక కూడా రాయిగా మారిపోయింది. అలాంటప్పుడు జబ్బు అని ఎలా అంటారు, ఇదంతా ఊహే కదా అని అడిగారు.

ఊహ కాదు. జంతువు బతికుండగా ఆ ఎముకకు ఏదో జరిగిందా లేదా అన్నది చాలాసార్లు గట్టిగా చెప్పగలం. జరిగినదానికి పేరు పెట్టే దగ్గరే చిక్కు. మీరు చూసిన బోర్డులో "ఎముక జబ్బు" అన్న మాట దాదాపు ఖాయంగా నిలబడుతుంది. "లోతుకు మునగడం వల్ల" అన్నది బలమైన అనుమానం. శిలాజ ఎముకలను స్కాన్ చేసి, కోసి చూసే పనిలో నేను పదిహేడేళ్ళుగా ఉన్నాను. నేను చేసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ రెండిటినీ ఒకటిగా చూడటం వల్ల జరిగినవే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఎముక సంగతి. జంతువు బతికున్నంతకాలం ఎముక తనను తాను కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ, మళ్ళీ కట్టుకుంటూ ఉంటుంది. దెబ్బ తగిలినా, చీము పట్టినా, కణితి లేచినా అది చేయగలిగినవి మూడే: ఉన్నది కరిగించుకోవడం, కొత్తది పోసుకోవడం, రక్తం అందకపోతే చచ్చుబడటం. ప్రాణం పోయాక ఈ పనులేవీ జరగవు. కాబట్టి విరిగిన చోట చుట్టూ గుండ్రంగా బుడిపె కట్టి, అంచులు నునుపుదేరి ఉంటే, ఆ దెబ్బ తర్వాత ఆ జంతువు కనీసం కొన్ని వారాలు బతికిందని అర్థం. సరీసృపాలకు ఎముక అతకడం క్షీరదాల కంటే నెమ్మది కాబట్టి చాలాసార్లు నెలలే పట్టి ఉంటుంది. ఇందులో ఊహకు చోటు లేదు.

అయితే ఎముకకు తెలిసిన పనులు మూడే కావడం వల్ల, నాలుగైదు వేర్వేరు జబ్బులు ఒకేలాంటి గుర్తును వదిలి వెళ్తాయి. డాక్టరుకు రక్త పరీక్ష ఉంది, రోగి చెప్పే మాట ఉంది. మాకు ఆ గుర్తు ఒక్కటే.

"రాయి అయిపోయింది కదా" అన్న మీ అనుమానానికి కూడా జవాబు చెప్పాలి. ఎముకలో గట్టి భాగం మొదటినుంచీ ఖనిజమే, కాల్షియం ఫాస్ఫేట్. భూమిలో ఉన్న కాలంలో ఆ ఖనిజం కొంత మారుతుంది, ఖాళీల్లోకి కాల్సైట్, పైరైట్ లాంటివి చేరతాయి. కానీ లోపలి అల్లిక చాలాసార్లు అలాగే నిలిచి ఉంటుంది. ఒక చిన్న ముక్క కోసి, వెలుతురు అటునుంచి ఇటు వచ్చేంత పలుచగా అరగదీసి, మైక్రోస్కోపు కింద పెడితే రక్తనాళాలు నడిచిన దారులు, ఎముక కణాలు కూర్చున్న గూళ్ళు కనిపిస్తాయి. తీరిగ్గా పెరిగిన ఎముక పొరలు పొరలుగా ఉంటుంది. గాయానికి హడావుడిగా పోసుకున్న ఎముక చిక్కుపడ్డ పీచులా ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. డాల్ఫిన్ ఆకారంలో ఉండే ఇక్తియోసార్లు అనే సముద్ర సరీసృపాలు మామూలుగానే వేగంగా పెరిగేవి. వాటి ఆరోగ్యమైన ఎముకలో కూడా ఆ పీచు అల్లిక కనిపిస్తుంది. అందుకే అనుమానం ఉన్న చోట ఒక కోత, అదే ఎముకలో బాగున్న చోట మరో కోత తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క కోత చూసి చెప్పే మాటను నేను నమ్మను.

జబ్బు కాకపోయినా జబ్బులా కనిపించేవి చాలా ఉన్నాయి. పనిలో సగం కాలం వీటిని ఏరివేయడానికే పోతుంది.

నా దగ్గరికి ఒకసారి ప్లీసియోసార్ అనే, తెడ్ల లాంటి కాళ్ళతో ఈదిన సముద్ర సరీసృపం వెన్నుపూస వచ్చింది. పైనంతా చిన్న చిన్న గుంటలు, కొన్ని లోపలికంటా దిగిపోయాయి. ఎముకలో చీము పట్టిందని, ఆ గుంటలు చీము బయటికి కారిన దారులని నేను మనసులో ఖాయం చేసుకున్నాను. సీటీ స్కాన్‌లో ఆ రంధ్రాల చుట్టూ కొత్త ఎముక జాడే లేదు. అంచులు శుభ్రంగా, డ్రిల్ చేసినట్టు ఉన్నాయి. బతికున్న ఎముకలో చీము దారి పడితే చుట్టూ గట్టు కడుతుంది, మందం పెరుగుతుంది. ఇవి జంతువు చచ్చి సముద్రం అడుగున పడ్డాక ఏవో జీవులు తొలిచిన రంధ్రాలు. ఈనాటి సముద్రాల్లో తిమింగలాల కళేబరాల మీద బతికే ఓసెడాక్స్ అనే ఎముక పురుగులున్నాయి. సుమారు 10 కోట్ల ఏళ్ళ కిందటి ప్లీసియోసార్ ఎముకలో కూడా ఆ రకం తొలుపులు ఉన్నాయని 2015లో ప్రచురించారు. ఆ రోజు నుంచి నాది ఒకటే నియమం: రంధ్రం కనిపిస్తే ముందు దాని గట్టు వెతకాలి.

మట్టి బరువుకు నలిగిన ఎముకలు ఇంకో రకం. నలిగి వంకరపోయిన పక్కటెముక, విరిగి వంకరగా అతుక్కున్న పక్కటెముక పైకి ఒకేలా ఉంటాయి. పగులు అంచు పదునుగా ఉంటే చచ్చాక విరిగినట్టు, లేదా విరిగిన వెంటనే చచ్చినట్టు. ఈ రెండిటినీ విడదీయడం చాలాసార్లు సాధ్యం కాదు. పైరైట్ ఉన్న శిలాజాలు మ్యూజియం గదిలో తేమకు ఆమ్లం పుట్టి ఉబ్బి, పొడిపొడిగా రాలడం కూడా ఉంది. అది శిలాజానికి వచ్చే చేటు, జంతువుకు వచ్చిన జబ్బు కాదు.

అన్నిటికంటే ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది మాత్రం మందమైన ఎముక. తీరానికి దగ్గరగా, తక్కువ లోతులో బతికిన నోథోసార్లు, ప్లాకోడాంట్ల లాంటి సరీసృపాల్లో పక్కటెముకలు ఉబ్బినట్టు, లోపల ఖాళీయే లేనట్టు గట్టిగా ఉంటాయి. మనిషి ఎక్స్‌రేలో అలా కనిపిస్తే ఏ డాక్టరైనా కంగారు పడతాడు. వీటికది మామూలు. నీళ్ళలో తేలిపోకుండా శరీరానికి బరువు కావాలి, ఆ బరువు ఎముకలోనే ఉంది. ఈనాటి నీటి క్షీరదాలైన మనాటీలకూ అంతే. దీనికి సరిగ్గా ఎదురు, బాగా ఈది తిరిగిన ఇక్తియోసార్ల ఎముక లోపల స్పాంజిలా ఉంటుంది. అదీ బోలు ఎముకల జబ్బు కాదు. ఆ జాతికి ఏది మామూలో తెలియకుండా ఏది జబ్బో చెప్పడం కుదరదు. ఈ ఒక్క విషయం తెలియక రాసిన పాత నివేదికలు నేను చాలా చూశాను.

ఇక ఏ అనుమానమూ లేని కేసు ఒకటి చెప్తాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. ఇంగ్లండ్‌లోని వెస్ట్‌బరీలో దొరికిన ప్లయోసార్, సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందటిది. పొట్టి మెడ, పెద్ద తల ఉన్న ప్లీసియోసార్ రకం, దాదాపు 8 మీటర్ల పొడవు. బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్ళు 2012లో దాని పుర్రె మీద వివరంగా రాశారు. ఎడమ వైపు దవడ కీలు అరిగి, తినేసినట్టు అయిపోయింది, మనుషుల్లో కీళ్ళవాతం లాగా. కీలు పాడవడంతో కింది దవడ ఒక పక్కకు జరిగింది. జరిగిన దవడను మూసిన ప్రతిసారీ పై పళ్ళు వాటి చోట పడకుండా కింది దవడ ఎముక మీద పడ్డాయి. ఆ పళ్ళ గుర్తులు ఎముక మీద అలాగే ఉన్నాయి.

ఈ ఒక్క వివరం వల్ల కేసు మొత్తం గట్టిపడింది. అరిగిన కీలు ఒక్కటే ఉంటే మట్టిలో అరిగిందేమో అని వాదించవచ్చు. పళ్ళ గుర్తులు పడాలంటే ఆ జంతువు వంకర దవడతో తినాలి, ఒకసారి రెండుసార్లు కాదు, ఏళ్ళ తరబడి. పెద్ద వేట జంతువు, నోరు సరిగ్గా మూతపడని స్థితిలో అంతకాలం బతికింది. చివరికి బలహీనపడ్డ దవడ విరిగింది. ఆ విరిగిన చోటు అతకలేదు. అతకలేదంటే ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకలేదన్నమాట. దాని జబ్బుకు ఏ పేరు పెట్టాలన్నది వేరే చర్చ. కానీ దాని చివరి ఏళ్ళు ఎలా గడిచాయో ఆ పుర్రె చెప్తోంది. ఎన్నిసార్లు చదివినా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు మీ మోసాసార్ దగ్గరికి వద్దాం. మోసాసార్లు డైనోసార్లు కావు, ఉడుములకూ పాములకూ బంధువులు. 1987లో బ్రూస్ రోత్‌షీల్డ్ అనే కీళ్ళ డాక్టరు, లారీ మార్టిన్ అనే శిలాజ శాస్త్రవేత్త కలిసి మోసాసార్ వెన్నుపూసల ఎక్స్‌రేలు తీసి, వాటిలో రక్తం అందక చచ్చుబడ్డ ఎముక ఉందని చూపించారు. డాక్టర్లు దీన్ని అవాస్క్యులర్ నెక్రోసిస్ అంటారు. మనుషుల్లో తుంటి ఎముకకు వస్తుందని వినే ఉంటారు.

దీనికీ మునగడానికీ సంబంధం ఏమిటంటే, నీటిలో ప్రతి 10 మీటర్లకూ సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి ఊపిరిలోని నైట్రోజన్ రక్తంలోకి, కొవ్వులోకి కరుగుతుంది. గబగబా పైకి వస్తే సోడా సీసా మూత తీసినట్టు బుడగలు లేస్తాయి. ఎముక మూలుగులో కొవ్వు ఎక్కువ, రక్తనాళాలు సన్నం. బుడగ నాళానికి అడ్డం పడితే ఆ అవతలి ఎముక చచ్చుబడుతుంది. 19వ శతాబ్దంలో నది అడుగున గాలి ఒత్తిడి పెంచిన గదుల్లో వంతెన పునాదులు తవ్విన కూలీలకు ఈ బుడగల జబ్బే వచ్చింది. బ్రూక్లిన్ వంతెన కట్టించిన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ ఆరోగ్యం దెబ్బతిన్నదీ దీంతోనే.

"వాళ్ళు ఒత్తిడి గాలి పీల్చారు, మోసాసార్ ఒక్క గుక్క గాలితో మునిగేది, దానికెందుకు వస్తుంది?" అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. చాలాకాలం పాటు ఊపిరి బిగబట్టి మునిగే జంతువులకు ఇది రాదనే అనుకునేవాళ్ళు. 2004లో స్పెర్మ్ తిమింగలాల అస్థిపంజరాలు పరిశీలిస్తే, వయసు పెరిగేకొద్దీ ఎముకల్లో గుంటలు, అరుగుదల పెరుగుతున్నాయని తేలింది. 2014లో స్పెయిన్ తీరంలో వలల్లో చిక్కి పైకి వచ్చిన లాగర్‌హెడ్ సముద్ర తాబేళ్ళలో నైట్రోజన్ బుడగల జబ్బు స్పష్టంగా కనిపించింది. తాబేలు సరీసృపమే కాబట్టి నా దృష్టిలో ఈ రెండోది చాలా ముఖ్యం.

మోసాసార్ కేసులో నన్ను ఒప్పించేది మాత్రం ఏ ఒక్క ఎముకా కాదు, జాతుల మధ్య తేడా. ప్లాటెకార్పస్, టైలోసారస్ అనే మోసాసార్లలో ఈ చచ్చుబడ్డ ఎముక కనిపించింది. క్లైడాస్టీస్ అనే చిన్న మోసాసార్‌లో కనిపించలేదు. అన్నీ ఒకే కుటుంబం. కాన్సాస్ సుద్దరాతి పొరల్లో ఇవన్నీ దొరుకుతాయి. మట్టి వల్ల వచ్చిన మార్పే అయితే క్లైడాస్టీస్‌ను ఎందుకు వదిలేస్తుంది? కుటుంబం మొత్తానికీ ఉన్న ఏదో లోపమైతే దానికెందుకు లేదు? లోతుకు వెళ్ళినవాటికి వచ్చింది, పైపైన తిరిగినదానికి రాలేదు అనుకుంటే లెక్క సరిపోతుంది.

కానీ అభ్యంతరాలూ ఉన్నాయి, అవి తేలికైనవి కావు. ఎముకకు రక్తం ఆగిపోవడానికి బుడగలు ఒక్కటే కారణం కాదు. దెబ్బ, ఇన్ఫెక్షన్, రక్త సంబంధమైన జబ్బులు కూడా అదే గుర్తు వదులుతాయి. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే పట్టీ నిజంగా ఎముక మార్పా, లేక ఖాళీలో చేరిన ఖనిజమా అన్నది కోసి చూస్తే తప్ప తెలియదు, కోయడానికేమో మ్యూజియంలు తేలిగ్గా ఒప్పుకోవు. పైగా వెన్నుపూస చివర గుంట పడటానికి ఇంకో కారణం ఉంది: రెండు పూసల మధ్య మెత్తటి భాగం ఎముకలోకి చొచ్చుకురావడం. మనుషుల్లో ష్మోర్ల్ గుంటలు అంటారు. 2001లో ఒక ప్లీసియోసార్ వెన్నులో వీటిని గుర్తించారు. దీన్ని చచ్చుబడ్డ ఎముకగా పొరబడటం చాలా సులభం, నేనూ పొరబడ్డాను.

ఇక్తియోసార్ల కథ ఇంకాస్త చిక్కు. ఆఫ్తాల్మోసారస్ శరీరం సుమారు 4 మీటర్లే అయినా కన్ను 22 సెంటీమీటర్ల పైన. టెమ్నోడాంటోసారస్ కన్ను 26 సెంటీమీటర్లు దాటింది. చీకటి లోతుల్లో వేటాడటానికి తగిన కళ్ళు. ఆఫ్తాల్మోసారస్ ఎముకల్లో చచ్చుబడ్డ గుర్తులు కూడా ఉన్నాయి కాబట్టి రెండూ ఒకదాన్నొకటి బలపరుస్తాయి. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు.

2012లో రోత్‌షీల్డ్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. ట్రయాసిక్ కాలపు ఇక్తియోసార్లలో ఈ జబ్బు దాదాపు లేదు, జురాసిక్, క్రెటేషియస్ కాలాల వాటిలో 15 శాతానికి పైగా ఉంది. దీనికి వాళ్ళిచ్చిన కారణం: ట్రయాసిక్‌లో తరిమి తినే పెద్ద వేట జంతువులు లేవు కాబట్టి నెమ్మదిగా పైకి రాగలిగాయి, తర్వాతి కాలంలో ప్రాణభయంతో గబగబా రావాల్సి వచ్చింది. లెక్కను నేను గౌరవిస్తాను, కారణాన్ని మాత్రం ఒప్పుకోలేను. 2013లో నెవాడా నుంచి థాలట్టోఆర్కన్ అనే ఇక్తియోసార్‌ను వర్ణించారు. 24.4 కోట్ల ఏళ్ళ కిందటిది, కనీసం 8.6 మీటర్లు, తనంత జంతువులను కోసి తినగల పళ్ళు. ట్రయాసిక్ సముద్రం అంత నిర్భయమైన చోటేమీ కాదు. తొలి ఇక్తియోసార్లలో చాలావరకు తీరం దగ్గర తక్కువ లోతులో తిరిగి ఉంటే, ఆ ఒక్క కారణమే ఈ తేడాకు సరిపోతుంది.

మిగతా జబ్బుల గురించి క్లుప్తంగా. ఇన్ఫెక్షన్లు బాగానే దొరుకుతాయి, వాటిలో కాటు వల్ల వచ్చినవి తేలిగ్గా తెలుస్తాయి. ఒకదానికొకటి అతుక్కుపోయిన మోసాసార్ వెన్నుపూసల మధ్య సొరచేప పన్ను ముక్క ఇరుక్కుని ఉన్న ఉదాహరణ ఉంది. కాటు పడింది, చీము పట్టింది, అయినా మోసాసార్ తప్పించుకుని బతికింది. పోలెండ్‌లో దొరికిన 24.5 కోట్ల ఏళ్ళ కిందటి ప్రోన్యూస్టికోసారస్ అనే సముద్ర సరీసృపం పక్కటెముకల మీద పొక్కుల్లాంటి గడ్డలున్నాయి. క్షయ లాంటి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చని 2018లో రాశారు. "క్షయ లాంటి" అని రాసినవాళ్ళు జాగ్రత్తగానే రాశారు. వార్తల్లోకి వచ్చేసరికి "లాంటి" ఎగిరిపోయింది.

క్యాన్సర్ అరుదు. పూర్తిగా సముద్ర జంతువు కాకపోయినా పాప్పోకెలిస్ సంగతి చెప్పాలి. జర్మనీలో దొరికిన, ఇంకా డిప్ప ఏర్పడని తాబేలు పూర్వీకురాలు, సుమారు 24 కోట్ల ఏళ్ళ కిందటిది. దాని తొడ ఎముక మీద ఉన్న పెరుగుదలను సూక్ష్మ స్కాన్‌తో చూసి, ఎముక క్యాన్సర్ అని 2019లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఎముక విరగడం కాదు, ఇన్ఫెక్షన్ కాదు అని ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చిన తీరు కోసమే ఆ పని చదవమని నా దగ్గర నేర్చుకునేవాళ్ళకు చెప్తుంటాను.

ఒక్క ఎముకకు పేరు పెట్టలేని చోట వందల ఎముకలు కలిపి చూడటం నాకు ఎక్కువ నమ్మకం కలిగించే దారి. జర్మనీలో హోల్ట్‌స్‌మాడెన్ చుట్టుపక్కల పలకరాళ్ళలో ఇక్తియోసార్లు కుప్పలుగా దొరికాయి. వాటి మీద 2019లో వచ్చిన పరిశీలనలో, చిన్న శరీరమున్న స్టెనోప్టెరిజియస్ అనే ఇక్తియోసార్ కంటే పెద్ద జాతుల్లో ఎముక దెబ్బలు, జబ్బులు ఎక్కువని, స్టెనోప్టెరిజియస్‌లోనే పిల్లల కంటే పెద్దవాటిలో ఎక్కువని తేలింది. ఏ జబ్బుకూ కచ్చితమైన పేరు పెట్టాల్సిన అవసరం లేకుండానే, ఆ జంతువులు ఎలా బతికాయో దీంతో తెలుస్తోంది.

మీరు ఆ మ్యూజియానికి మళ్ళీ వెళ్తే వెన్నుపూస రెండు చివరల్నీ చూడండి. ఒక చివర కుంగినట్టు ఉందా, పక్క పూసలో దానికి తగ్గ మార్పు ఉందా, గుంట అంచు గుండ్రంగా ఉందా పదునుగా ఉందా గమనించండి. పక్కన ఎక్స్‌రే గానీ కోత ఫొటో గానీ పెట్టి ఉంటే దాన్ని ఫొటో తీయండి. బోర్డు మీద జాతి పేరు ఏముందో కూడా రాయండి. ప్లాటెకార్పస్ అని ఉంటే ఒక మాట, క్లైడాస్టీస్ అని ఉంటే నేను ఇంకో మాట చెప్పాల్సి ఉంటుంది.